కుందేలు మట్టి కప్పదు

సెప్టెంబరు మొదటి ఆదివారం, సూపు ఇంకా పొగలు కక్కుతుండగా, మా అత్తగారు సునిల్దా ఒక ద్రాక్ష చిగురు తెచ్చి బల్ల మీద బ్రెడ్డు పక్కన పెట్టింది. బొటనవేలంత చిగురు. మొదలు దగ్గర కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగి ఉంది.

"కుందేలు," అంది. "పై కొండ మీద. మీ అంటుల పని అయిపోయినట్టే."

'మీ' అన్నప్పుడు ఆవిడ చూసింది నా వైపు, తన కొడుకు వైపు కాదు.

పై కొండ అంతకు రెండు వేసవుల ముందు కాలిపోయింది. కలప కంపెనీ పైన్ తోటల్లో లేచిన మంట గట్టు దాటి మా ద్రాక్షలోకి వచ్చింది. అక్కడక్కడా కొన్ని ముసలి మోళ్లు మాత్రం మళ్లీ చిగురు వేశాయి. ఆ సెప్టెంబరుకి ముందటి చలికాలం, జూన్ జూలైల్లో, నేనూ నా భర్త బెలార్మీనో వాటి పొడుగాటి కొమ్మలు వంచి, కాలిపోయిన మొక్కల గుంటల్లో అంటు తొక్కాం. చిలీలో, మా ఇతాతా లోయలో, ద్రాక్షని పెంచే తీరు అదే. తల్లి నుంచి కొమ్మని కొయ్యరు. మట్టిలోంచి నడిపించి, అవతల కొస పైకి తీస్తారు. వేరు గట్టిపడేదాకా రెండు మూడేళ్లు తల్లి పాలే దానికి. ఎలా తొక్కాలో నాకు నేర్పింది అత్తగారే. ఎడమ మడమతో రెండుసార్లు నొక్కాలి. కుడికాలు పెడితే వేరు అలుగుతుందట.

"నేను ఎప్పుడో చెప్పా," అన్నాడు మా బావగారు ఎలియేసర్. ఆయన కంపెనీకి దుంగలు తోలతాడు, కాపురం కొయెలేము పట్నంలో, ఆదివారం భోజనం మాత్రం మా ఇంట్లో. "ఆ కొండ కంపెనీకి ఇచ్చెయ్యండి. పైన్ వేస్తే ఏ కుందేలూ ముట్టదు."

"ఆ పైన్‌లోంచే కదన్నా కుందేళ్లు వచ్చేది!" అన్నాడు బెలార్మీనో.

"అరవకండి," అంది అత్తగారు. గోడ మీద మామగారి ఫోటో వైపు చెంచా చూపించింది. "ఆయన పోతూ పోతూ నా దగ్గర మాట తీసుకున్నాడు. తోట తోటగా ఉన్నన్నాళ్లు అమ్మనని. కాలిన మోళ్లని ఎవరూ తోట అనరు. క్రిస్మస్ నాటికి మీ అంటులు నిలిస్తే అది తోట. నిలవకపోతే కంపెనీవాణ్ణి రమ్మంటా. ఆయన ఫోటో ముందే సంతకం పెడతా."

"అయితే తుపాకీ కొందాం," అన్నాను నేను.

బావగారు సూపు మింగలేక దగ్గాడు. "ఎవరు కాలుస్తారు మరదలా? వీడు వారమంతా కోత మిల్లులో ఉంటాడు. అమ్మకి నడుం వంగదు. నువ్వా?"

"నేనే."

"కాలేజీలో అది కూడా చెప్పారేమో," అంది అత్తగారు, బ్రెడ్డు తుంచుకుంటూ.

*

చియాన్ నగరంలో తుపాకీల కొట్టుకి బావగారి లారీలోనే వెళ్లాం. ఆయన రావడం నాకు సాయం చేయడానికి కాదు, నేను తప్పు తుపాకీ కొంటుంటే చూడటానికి. నేను వారం రోజులుగా ఈ సంగతే చదివాను. ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి వాళ్ల గాలి తుపాకీల గొట్టాలు కిందికి వంచి, స్ప్రింగు బిగించి చూశాను. ప్రతి ఇంట్లోనూ ఒకటుంది. ప్రతి మొగాడూ అడిగిన మొదటి మాట "ఎన్ని చెక్క పలకల్లోంచి దూసుకుపోతుంది?"

కొట్టతను బల్ల మీద నల్లటి పెద్ద తుపాకీ పెట్టాడు. "ఇది చూడండి అయ్యా. గుండు శబ్దం కంటే వేగంగా పోతుంది." మాట్లాడింది బావగారితో.

"అందుకే పనికిరాదు," అన్నాను. "గాల్లోనే టప్పున పేలుతుంది. ఒకటి పడ్డా మిగతావన్నీ బొరియల్లో దూరతాయి."

కొట్టతను అప్పుడు నన్ను చూశాడు. నేను ఆ తుపాకీ గొట్టం పట్టుకుని కీలు దగ్గర కిందికి వంచాను. స్ప్రింగు బిగించడానికి మోకాలు ఆనించి ఒళ్లంతా వేలాడాల్సి వచ్చింది. బావగారు మురిసిపోతూ చూశాడు.

"అమ్మగారికి పెరట్లో పిచ్చుకలకైతే ఆ చిన్నది..."

"పిచ్చుకలకి కాదు, కుందేళ్లకి. ఈ రెండోది చూపించండి. ఐదున్నర మిల్లీమీటర్లది. వెనక పెరట్లో కాగితం పెట్టండి. రెండింటితోనూ కాలుస్తాను."

"అమ్మా, కొనకుండా కాల్చడం..."

"కాల్చకుండా కొనడం మా ఇంట్లో లేదు."

పెద్దదాంతో నేను కాల్చిన గుళ్లు కాగితం మీద సూపు పళ్లెమంత మేర చెదిరాయి. బావగారు అందుకుని కాలిస్తే అంతకంటే ఎక్కువ చెదిరాయి. ఆయన తుపాకీ కొయ్యపిడిని గుండెలకి హత్తుకుని, పళ్లు బిగబట్టి కాలుస్తాడు. స్ప్రింగు తుపాకీ పెంకిది. వెనక్కోసారి, ముందుకోసారి తంతుంది. బిగించి పట్టుకుంటే పక్కకి తిరుగుతుంది. నిద్రపోయే పిల్లని మోసినట్టు తెరిచిన అరచేతిలో పడుకోబెట్టాలి. రెండోదాన్ని అలా పట్టుకుని కాల్చాను. చిల్లులన్నీ ఒక నాణెం కింద దాగాయి.

సూదిమొన గుళ్లు వద్దని గుండ్రటి తల ఉన్నవి తీసుకున్నాను. మిగిలిన డబ్బంతా తుపాకీ మీద బిగించే దుర్భిణికి పెట్టాను. మామూలు దుర్భిణి అయితే ఆ రెండు తన్నులకి లోపల అద్దాలు ఊడిపోతాయి. స్ప్రింగు తుపాకీల కోసమే చేసినది అడిగి తీసుకున్నాను.

"తుపాకీ కంటే కళ్లజోడుకి ఎక్కువ పోశావు," అన్నాడు బావగారు. నల్లటి పెద్దది ఆయన తనకోసం కొనుక్కున్నాడు.

ఇంట్లో బెలార్మీనో తుపాకీ తిప్పి చూసి, నాకు ఒకే ఒక్క నియమం చెప్పాడు. "నోయెమీ, దీంట్లోంచి మనిషిని చూడకు. ఖాళీ తుపాకీ అయినా సరే, ఎంత దూరం నుంచైనా సరే."

*

పద్దెనిమిదో తారీఖు జాతీయ పండగకి బావగారు మా వాకిట్లో తన తుపాకీ ప్రదర్శన పెట్టాడు. పలకలకి చిల్లులు పొడిచాడు, గుమ్మడికాయ పగలగొట్టాడు. గ్లాసులు పట్టుకున్న చుట్టాలు చప్పట్లు కొట్టారు. "మరి నువ్వు కూడా, మరదలా?" అన్నాడు. నేను మాంసం కూరిన ఎంపనాడా కజ్జికాయలు పొయ్యిలోంచి తీస్తున్నానని చెప్పాను. ఆ చప్పుడుకి పై కొండ మీద నాలుగు రోజులు కుందేలన్నది కనిపించలేదు. ఐదో రోజు తెల్లవారుజామున నేను మొదటిదాన్ని కొట్టాను.

అది గడ్డి మీద కూర్చుని చెవి గోక్కుంటోంది. కంటికీ చెవికీ మధ్య గురి పెట్టాను. కాళ్లు కూడా కొట్టుకోలేదు. నాకు సంతోషమేమీ కలగలేదు.

తోలు ఒలిచి, ఉల్లిపాయ, క్యారెట్టు, మిరియాలు, వెనిగరు వేసి ఉడికించి జాడీలో ఊరేశాను. ఆదివారం వడ్డించాను. అందరూ తింటుండగా అత్తగారు దవడ ఆపింది. నోట్లో వేలు పెట్టి ఏదో తీసి పళ్లెం అంచున టక్కున పెట్టింది. సీసపు గుండు.

"పన్ను పోయేది," అంది.

"తలలో కొట్టానండీ. తల కూరలో వెయ్యలేదు."

"అయితే ఇది ఆకాశంలోంచి పడిందేమో."

బావగారు విరగబడి నవ్వాడు. బెలార్మీనో కూడా, పాపం, కాస్త నవ్వాడు. నేను పళ్లేలు తీస్తూ ఆ గుండు చూశాను. ఎముకకి తగిలిన సీసం నలిగిపోతుంది. అది నున్నగా, గుండ్రంగా, డబ్బాలోంచి ఇప్పుడే తీసినట్టు ఉంది. తుపాకీ పక్కన అలమరలో నా గుళ్ల డబ్బా మూత వదులుగా ఉంది.

ఆ రోజు నుంచి డబ్బాని నా గదిలో పెట్టుకున్నాను.

*

అక్టోబరంతా నేను పొద్దునా సాయంత్రమూ కొండ మీదే ఉన్నాను. చిగుళ్లు కొరికించుకున్న అంటులు పక్క నుంచి కొత్త చిగురు వేసి మళ్లీ లేచాయి. కుందేళ్లు తెలివి తెచ్చుకుని గట్టు అవతలే ఆగిపోయాయి. బెలార్మీనో మిల్లు నుంచి వచ్చి, రంపపు పొట్టు దులుపుకోకుండానే పైకి ఎక్కి, వరసలన్నీ తిరిగి చూసుకునేవాడు. "నిలుస్తాయి నోయెమీ," అనేవాడు. "ఈసారి నిలుస్తాయి."

నవంబరులో అంటులు చావడం మొదలుపెట్టాయి.

కొరికినట్టు లేదు. ఒక్క ఆకు కూడా తెగలేదు. నిన్నటిదాకా నిగనిగలాడినది ఇవాళ ఉడకబెట్టిన ఆకుకూరలా వాలిపోయేది. ఇవాళ ఇక్కడ ఒకటి, రేపు అక్కడ రెండు.

"కుందేళ్లు వేళ్లు తింటున్నాయి," అన్నాడు బావగారు ఆదివారం నాడు. "తప్పు తుపాకీ కొన్నావు మరదలా. బొరియలోకి దూసుకుపోయేది కొనాల్సింది."

"కుందేలు వేళ్లు తినడానికి ఇంత దూరం వస్తుందా?" అన్నాను. "చుట్టూ గడ్డి మోకాలెత్తుంటే?"

"నీ పుస్తకాల కుందేలు రాదేమో. ఇది మా ఊరి కుందేలు."

బెలార్మీనో గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాడు. "నీకెందుకన్నా అంత సంతోషం? కంపెనీవాడు నీకేమిస్తానన్నాడు?"

"నోరు జాగ్రత్త!"

"నువ్వు జాగ్రత్త. ఇది నాన్న తోట."

"నాన్న పోయాడురా! తోట కూడా పోయింది! మీ ఆవిడ వినట్లేదంతే!"

అన్నదమ్ములు లేచి నిలబడ్డారు. కుర్చీ ఒకటి పడింది. అత్తగారు ఒక్కర్తే తింటూ కూర్చుంది. "కూర చల్లారుతోంది," అంది.

మర్నాడు నేను చిన్న పార పట్టుకుని వెళ్లి, వాలిపోయిన అంటు ఒకటి తవ్వాను. కుచ్చులాంటి లేత వేళ్లు అలాగే ఉన్నాయి, ఎవరూ తినలేదు. కొమ్మ వెంబడే తల్లి మోడు దాకా తవ్వుకుంటూ పోయాను. మోడుకి జానెడు దూరంలో, మట్టి లోపల, కొమ్మ తెగి ఉంది. వేలంత లావు ముదురు కొమ్మ. నున్నగా, ఒక్క వేటుకి. తోట కత్తెర.

తెగిన చోట మళ్లీ మట్టి కప్పి ఉంది. కుందేలు కొరుకుతుంది, తవ్వుతుంది, పారిపోతుంది. మట్టి కప్పదు.

పక్క మొక్క దగ్గర చూశాను. మెత్తటి మట్టి మీద కొత్తగా పడిన మడమ నొక్కు, రెండుసార్లు. ఎడమ కాలిది. ఆ ఇంట్లో పుట్టినవాడెవడైనా అలాగే తొక్కుతాడు. నాకు బావగారి మొహం కళ్ల ముందు కదిలింది.

*

బుధవారం మధ్యాహ్నం కొండ కింద రోడ్డు మీద దుంగల లోడుతో ఆయన లారీ ఆగి ఉండటం చూశాను. అత్తగారు భోజనం చేసి, రోజూలాగే, తలుపేసుకుని పడుకుంది. నేను తుపాకీ తీసుకుని దొడ్డిదారిన పైకి వెళ్లాను. కుందేళ్ల కోసం కాదు. ఆ ఎండలో కుందేలు బయటికి రాదు. పట్టుకుంటే కళ్లారా చూసి పట్టుకోవాలని. బోల్దో పొద కింద బోర్లా పడుకున్నాను.

చాలాసేపటికి అవతలి వరసలో ఏదో నల్లగా కదిలింది. అంత దూరం నుంచి మనిషో, కాలిన మోడో తెలియలేదు. దుర్భిణి కంటికి ఆనించాను.

నల్లటి గౌను. గళ్ల ఏప్రను. నడుం వంగదని అందరికీ చెప్పుకునే మా అత్తగారు మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో మట్టి తోడుతోంది. దుర్భిణిలోంచి ఆవిడ చెవి వెనక నెరిసిన వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. ఏప్రను జేబులోంచి కత్తెర తీసింది. కొమ్మని ఎడమ చేత్తో తడిమి, కళ్లు మూసుకుంది. కోసింది. మట్టి లాగి కప్పింది. మోడు పట్టుకుని లేచి నిలబడి, ఎడమ మడమతో రెండుసార్లు నొక్కింది.

నేను తుపాకీ దించలేదు. ఎంతసేపో తెలియదు. గురి గీతలు రెండూ ఆవిడ మెడ దగ్గర కలుసుకుంటున్నాయి. గొట్టంలో గుండు ఉంది.

తర్వాత గొట్టం వంచి, గుండు తీసి గడ్డిలో పారేసి, లేచి వెళ్లాను.

"అత్తమ్మా."

ఆవిడ ఉలిక్కిపడలేదు. "కుందేళ్లు ఈ వేళప్పుడు రావు. తెలీదూ?"

"తెలుసు."

"మరి తుపాకీ ఎందుకు?"

ఆవిడ తుపాకీ మీది దుర్భిణి వైపు చూసింది, ఆ తర్వాత నేను పడుకున్న పొద వైపు. ఆవిడకి అర్థమైంది.

"చెప్పు మీ ఆయనకి," అంది. "ఇప్పుడే చెప్పు. తల్లిని నమ్ముతాడో నిన్ను నమ్ముతాడో చూద్దాం."

"ఎందుకండీ? మీ చేత్తో నేర్పారు నాకు."

"పంతొమ్మిదో ఏట తెచ్చి పడేశారు నన్ను ఈ కొండ మీద," అంది. గొంతు పెంచలేదు. "బుట్ట వీపుకి కట్టుకుని ఎక్కా. కడుపుతో ఎక్కా. పురుడైన పదో రోజు ఎక్కా. కొయెలేములో మా చెల్లెలి ఇంట్లో కుళాయి తిప్పితే వేణ్ణీళ్లొస్తాయి. నాకూ ఒక వంటిల్లు కావాలి, పొగ లేనిది. చచ్చేలోపు కావాలి. కొండ చచ్చిందని నేను ఊపిరి పీల్చుకునేసరికి నువ్వొచ్చి దాన్ని లేపుతున్నావు. నా కొడుకుని కూడా కట్టేస్తున్నావు దీనికి."

"అమ్మేస్తానని ఒక్క మాట చెప్పుంటే..."

"ఎలా చెప్తా? పోయేవాడికి మాటిచ్చా." ఆవిడ మొహం నిజంగానే కోపంతో ఎర్రబడింది. "నేను మాట తప్పే మనిషిని కాను."

కత్తెర జేబులో వేసుకుని కిందికి నడిచింది. నడుం నిటారుగా ఉంది. నేను వంగి మట్టి తీశాను. కొమ్మ తెగిన చోట, మోడు వైపు మిగిలిన ముక్కని నా చేతి కత్తితో కోసి తీసుకున్నాను.

బెలార్మీనోకి చెప్పలేదు. మంచితనం వల్ల కాదు. ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు నాకూ తెలియదు కనుక.

*

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు కంపెనీ మనిషి అరయా వచ్చాడు. కాగితాలు తెచ్చాడు. బావగారు సీసా తెచ్చాడు. అత్తగారు ఏప్రను లేకుండా, చెవులకి పోగులు పెట్టుకుని, మామగారి ఫోటో కింద కూర్చుంది.

పై కొండ మీద దాదాపు సగం అంటులు చచ్చాయి. ఆ బుధవారం తర్వాత ఇంకేవీ చావలేదు. కానీ ఆ సంగతి గమనించినది మేమిద్దరమే.

"పెట్టెయ్యమ్మా సంతకం," అన్నాడు బెలార్మీనో. నా వైపు చూడలేదు. "అయిపోయింది. ఎంతకని పోరాడతాం?"

ఈ మాట ఆయన నోట వస్తుందని నేను అనుకోలేదు. లేచి వంటింట్లోకి వెళ్లాను. ఊరేసిన కుందేలు పళ్లెంలో పెట్టాను. బ్రెడ్డు కోశాను. తెచ్చి బల్ల మీద పెట్టాను. బ్రెడ్డు పక్కన, ఆవిడ చేతికందే చోట, ఆ కొమ్మ ముక్క పెట్టాను.

అత్తగారి చేతిలో పెన్ను ఉంది. ఆగింది.

"ఈ పుల్లేంటి మధ్యలో?" అన్నాడు బావగారు.

"పై కొండ మీద దొరికింది," అన్నాను. "కుందేలు కొరికిందో లేదో నాకు తెలియదు. అత్తమ్మకైతే తెలుస్తుందని తెచ్చా."

అరయా నవ్వుతూ దాన్ని తీసుకుని వేళ్ల మధ్య తిప్పాడు. "కుందేళ్ల గురించి నన్నడగండి, మా నారు సగం వాటికే పోతుంది. ఇంత ముదురు కొమ్మని ఒక్క వేటుకి తెంపడం కుందేలు పని కాదండీ. చూడండి, ఎంత నున్నగా..."

అత్తగారు చెయ్యి చాచి ఆ ముక్కని ఆయన వేళ్లలోంచి లాక్కుంది.

"కుందేలే," అంది.

ఆవిడ తల తిప్పి ఫోటో చూడలేదు. నన్నే చూసింది. అంత స్పష్టమైన అసహ్యం నేను ఏ మొహంలోనూ చూడలేదు. దుర్భిణి అక్కర్లేదు దానికి.

పెన్ను మూత పెట్టింది. "సగం అంటులు బతికే ఉన్నాయి," అంది అరయాతో. "తోట ఇంకా తోటే. ఈ ఏడు కాదు."

"అమ్మా!" బావగారు బల్ల మీద గుద్దాడు. "ఏంటిది? పిచ్చా నీకు? నువ్వేగా నా చేత వీళ్లకి కబురు పెట్టించింది!"

"తింటే తిను. లేకపోతే వెళ్లు."

ఆయన సీసా పట్టుకుని వెళ్లిపోయాడు. ద్రాక్ష కోతల దాకా మళ్లీ గడప తొక్కలేదు. అరయా కుందేలు ముక్క ఒకటి మర్యాదకి తిని, బాగుందని చెప్పి లేచాడు. బెలార్మీనో తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. "నాన్న మాట నిలబెట్టావమ్మా," అన్నాడు, కళ్లలో నీళ్లతో. ఆ చేతుల్లో ఒక పిడికిలి ఇంకా మూసే ఉంది.

మర్నాడు పొద్దున్న అలమరలో తుపాకీ లేదు. నా గదిలో గుళ్ల డబ్బా కూడా లేదు. పైకి పరిగెత్తబోతుంటే అత్తగారు పెరటి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. గౌను అంచులు మంచుకి తడిసి ఉన్నాయి. తుపాకీని గోడకి ఆనించి, నేను కూరగాయలు తరిగే బల్ల మీద కుందేలుని పడేసింది. వెచ్చగా ఉంది. తలలో, కంటికీ చెవికీ మధ్య, ఒకే చిల్లు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఆవిడే కొండ ఎక్కుతోంది. అంటులు ఆకులు వేశాయి. ఒక్కటి కూడా మళ్లీ వాలలేదు. నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. కుందేలు తెచ్చి బల్ల మీద పడేసి, చేతులు కడుక్కుని, పొగ పట్టిన పొయ్యి దగ్గర కూర్చుంటుంది.

మొదటి రోజు నేను చెయ్యి కదపకుండా నిలబడితే, ఆవిడ కత్తి నా వైపు జరిపింది.

"కొండ గెలుచుకున్నావుగా," అంది. "తోలు కూడా నువ్వే ఒలుచుకో."